పాత ఉబుంటులో ప్యాకేజీ సగంలో ఇరుక్కుపోతే

ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీ సిస్టమ్ పోలేదు, ఫార్మాట్ కొట్టే అవసరం కూడా నాకైతే కనపడట్లేదు. మీరు చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ: గుంటూరు బ్రాడీపేటలో జిరాక్స్ షాపు, పాత కోర్ టూ డ్యుయో సిస్టమ్, 2 జీబీ ర్యామ్, అందులో ఉబుంటు 18.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్). కెనాన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ కోసం నెట్‌లో దొరికిన డెబ్ ఫైలు (ఉబుంటులో ప్రోగ్రామ్ పెట్టుకునే ప్యాకేజీ ఫైలు) మీద డబుల్ క్లిక్ చేశారు, సగంలో ఉండగా కరెంటు పోయింది. వచ్చాక చూస్తే ఏ ప్యాకేజీ పెట్టబోయినా "సబ్‌ప్రాసెస్ డీపీకేజీ రిటర్న్‌డ్ యాన్ ఎర్రర్ కోడ్ 1" అంటూ ఆగిపోతోంది. ఎవరో చెప్పారని లాక్ ఫైళ్లు (ఒకేసారి రెండు ప్రోగ్రామ్‌లు ప్యాకేజీలు పెట్టకుండా ఆపేవి) డిలీట్ చేశారు, లాభం లేదు. ఇప్పుడు ఇంకొకరు వార్, లిబ్, డీపీకేజీ ఫోల్డర్‌లో ఉన్న స్టేటస్ ఫైలు కూడా తీసేసి చూడమన్నారు, తియ్యమంటారా అని అడుగుతున్నారు.

తియ్యొద్దండీ. ఆ సలహా ఇచ్చినవాళ్లు మీ సిస్టమ్ ముందు కూర్చుని ఇవ్వలేదు. ఈ సిస్టమ్‌లో ఏ ప్యాకేజీ ఉంది, ఏ వెర్షన్, ఏది పూర్తయింది, ఏది సగంలో ఉంది అన్నది మొత్తం రాసి ఉన్న ఫైలు అదే. అది పోతే ప్యాకేజీలు పెట్టే, తీసే ప్రోగ్రామ్ అయిన డీపీకేజీ దృష్టిలో మీ సిస్టమ్‌లో ఏ ప్యాకేజీ లేనట్టే, అప్పుడు నిజంగానే ఫార్మాట్ దాకా వెళ్తుంది. ఒకవేళ ఈపాటికే తీసేసి ఉంటే కంగారు పడకండి, అదే ఫోల్డర్‌లో "స్టేటస్-ఓల్డ్" అని దాని ముందు కాపీ ఉంటుంది, వార్ కింద బ్యాకప్స్ ఫోల్డర్‌లో "డీపీకేజీ డాట్ స్టేటస్ డాట్ 0" అని ఇంకొకటి ఉంటుంది. ఆ రెండింట్లో కొత్తది చూసి స్టేటస్ అన్న పేరుతో కాపీ చేసుకోండి.

కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే విండో) మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. డ్యాష్ అన్నచోట ఒక గీత, డబుల్ డ్యాష్ అంటే పక్కపక్కనే రెండు గీతలు, మధ్యలో ఖాళీ ఉండకూడదు.

ఇక అసలు విషయం. "ఎర్రర్ కోడ్ 1" అన్న ఆ లైను పట్టుకుని గూగుల్‌లో వెతికితే వెయ్యి రకాల సలహాలు వస్తాయి, ఎందుకంటే అది ఏ జబ్బుకైనా చివర్లో వచ్చే లైనే. డిస్క్ నిండినా అదే, ఫైలు పాడైనా అదే, డిపెండెన్సీ (ఒక ప్యాకేజీకి కావాల్సిన ఇంకో ప్యాకేజీ) లేకపోయినా అదే. ప్యాకేజీలు నెట్ నుంచి తెచ్చి పెట్టే ఆప్ట్ తన కింద పనిచేసే డీపీకేజీని పిలిచింది, అది కుదరలేదని తిరిగొచ్చింది, ఆ సంగతి ఆప్ట్ మీకు చెబుతోంది, అంతే. ఎందుకు కుదరలేదో అన్నది దానికి ఇరవై ముప్పై లైన్లు పైన ఉంటుంది. మన దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లో ఫొటో తీసి పంపేది చివరి నాలుగు లైన్లే, ఆ నాలుగు లైన్లతో ఎవ్వరూ ఏమీ చెప్పలేరు. టెర్మినల్‌లో పైకి స్క్రోల్ చేసి, "ఎర్రర్ ప్రాసెసింగ్ ప్యాకేజ్" అన్న మాట మొట్టమొదట ఎక్కడ వచ్చిందో అక్కడ ఆగండి. దాని పక్కన ఉన్న పేరే మీ దొంగ. దాని కింద వరసగా ఇంకో పదింటికి అదే ఎర్రర్ రావచ్చు, అవన్నీ మొదటిదాని మీద ఆధారపడి ఆగిపోయినవి, వాటి జోలికి పోనక్కర్లేదు.

స్క్రీన్ మీద పోయినా పర్లేదు. వార్, లాగ్, ఆప్ట్ అన్న ఫోల్డర్‌లో "టర్మ్ డాట్ లాగ్" అన్న ఫైలు ఉంటుంది, ఆప్ట్ ద్వారా జరిగినప్పుడు స్క్రీన్ మీద వచ్చినదంతా తేదీతో సహా అందులో రాసి ఉంటుంది. నేరుగా డీపీకేజీతో పెట్టిన డెబ్ ఫైళ్లయితే దానికి పైన లాగ్ ఫోల్డర్‌లోనే ఉన్న "డీపీకేజీ డాట్ లాగ్" చూడండి. మామూలుగా ఒక ప్యాకేజీకి "హాఫ్-ఇన్‌స్టాల్డ్", తర్వాత "అన్‌ప్యాక్డ్", తర్వాత "హాఫ్-కాన్ఫిగర్డ్", చివరికి "ఇన్‌స్టాల్డ్" అని వరసగా లైన్లు పడతాయి. కరెంటు పోయిన టైము దగ్గర చూస్తే ఒక పేరు "అన్‌ప్యాక్డ్" దగ్గరో "హాఫ్-కాన్ఫిగర్డ్" దగ్గరో తెగిపోయి, తర్వాతి లైను అరగంట తర్వాతి టైముతో ఉంటుంది. ఎక్కడ ఆగిందో అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

ఇంకో పద్ధతి, "డీపీకేజీ డ్యాష్ ఎల్" కొడితే మొత్తం జాబితా వస్తుంది. ప్రతి లైను మొదట్లో రెండు అక్షరాలు ఉంటాయి. ఐ ఐ అని ఉంటే అంతా బానే ఉందని. ఐ పక్కన పెద్ద యూ ఉంటే ఫైళ్లు విప్పి పెట్టారు కానీ సెట్ చెయ్యలేదని. పెద్ద ఎఫ్ ఉంటే సెట్ చేస్తుండగా ఆగిందని. పెద్ద హెచ్ ఉంటే విప్పడం కూడా పూర్తి కాలేదని. వాటి తర్వాత మూడో అక్షరంగా పెద్ద ఆర్ కనపడితే ఆ ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే తప్ప కదలదు. ఆర్ సీ అని మొదలయ్యేవి ఎప్పుడో తీసేసిన ప్యాకేజీల సెట్టింగ్ ఫైళ్లు, వాటిని చూసి భయపడకండి. జాబితా చాంతాడంత ఉంటుంది కాబట్టి "సుడో డీపీకేజీ డబుల్ డ్యాష్ ఆడిట్" కొట్టండి, తేడాగా ఉన్నవి మాత్రమే చూపిస్తుంది.

ఏదైనా రిపేరు కమాండ్ కొట్టే ముందు మాత్రం రెండు సంగతులు చూడాలి. పాత సిస్టమ్‌లలో సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి, జనం ఇవి వదిలేసి పెద్ద పెద్ద కమాండ్ల మీద పడతారు.

ఒకటి, డిస్క్‌లో ఖాళీ. "డీఎఫ్ డ్యాష్ హెచ్" కొట్టి, చివర్లో "మౌంటెడ్ ఆన్" కింద ఒక్క స్లాష్ మాత్రమే ఉన్న లైను చూడండి, 100 శాతం దగ్గర ఉంటే డీపీకేజీ ఏమీ చెయ్యలేదు. "సుడో ఆప్ట్ క్లీన్" కొడితే డౌన్‌లోడ్ చేసి దాచిన డెబ్ ఫైళ్లన్నీ పోతాయి, ఏళ్ల తరబడి వాడిన సిస్టమ్ అయితే దీంతోనే చాలా చోటు ఖాళీ కావచ్చు. ఖాళీ ఉన్నా "నో స్పేస్ లెఫ్ట్" అంటుంటే "డీఎఫ్ డ్యాష్ ఐ" కొట్టి చూడండి, ఐనోడ్లు (డిస్క్‌లో ఒక్కో ఫైలుకీ కావాల్సిన నమోదు గళ్లు) అయిపోయి ఉండవచ్చు. మీ సిస్టమ్‌లో బూట్ విడిగా పార్టిషన్‌గా ఉంటే (ఎల్‌వీఎమ్ లేదా ఎన్‌క్రిప్షన్ పెట్టి ఇన్‌స్టాల్ చేసినవాటికి అలా ఉంటుంది) అది నిండిపోవడం ఇంకా మామూలు. ప్రతి కెర్నెల్ (సిస్టమ్‌ని నడిపే అసలు ప్రోగ్రామ్) అప్‌డేట్‌కీ అందులో కొత్త ఫైళ్లు చేరతాయి, పాతవి ఎవరూ తియ్యరు, ఏదో ఒక రోజు కొత్త ఇనిట్‌ఆర్‌డీ (బూట్ అయ్యేటప్పుడు వాడే ఫైలు) రాయబోయి చోటు లేక మధ్యలో ఆగుతుంది. "సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ డబుల్ డ్యాష్ పర్జ్" దానికి మందు, కానీ అప్పటికే డిపెండెన్సీలు చెడి ఉంటే అదీ మొరాయిస్తుంది. అప్పుడు "యూనేమ్ డ్యాష్ ఆర్" కొట్టి ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ నంబరు కాగితం మీద రాసుకుని, దాన్నీ అన్నింటికంటే కొత్తదాన్నీ వదిలేసి, మిగతా పాత లినక్స్-ఇమేజ్ ప్యాకేజీల్లో ఒకదాన్ని "సుడో డీపీకేజీ డబుల్ డ్యాష్ పర్జ్" తో పేరు పెట్టి తియ్యండి. అది కుదరదు, ఫలానాది దీని మీద ఆధారపడి ఉంది అంటే, అదే నంబరుతో ఉన్న మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా ప్యాకేజీ పేరు కూడా అదే లైన్లో కలిపి కొట్టండి. బూట్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైళ్లు చేత్తో డిలీట్ చెయ్యమని కొందరు రాస్తారు. ఫైళ్లు పోతాయి కానీ స్టేటస్‌లో ప్యాకేజీ ఉన్నట్టే ఉంటుంది, తర్వాత అదో కొత్త తలనొప్పి.

రెండోది తేదీ. దీన్ని చాలామంది పట్టించుకోరు. పదేళ్లు దాటిన మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ సెల్లు అయిపోయి ఉంటుంది, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఎక్కడో 2008 జనవరి 1కో 2009కో వెళ్లిపోతుంది. నెట్ వచ్చాక దానంతటదే సరి అవుతుందిలే అనుకుంటాం, ఒక్కోసారి అవ్వదు. అప్పుడు "సుడో ఆప్ట్ అప్‌డేట్" కొడితే "రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్" అని వస్తుంది. అంటే ఈ ఫైలు ఇంకా పుట్టనే లేదు అని మీ సిస్టమ్ అనుకుంటోంది. హెచ్‌టీటీపీఎస్ సైట్లు కూడా సర్టిఫికెట్ బాలేదంటాయి. "డేట్" అని కొట్టి చూడండి, తప్పు ఉంటే "సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ" కొట్టండి, దాంతో కాకపోతే "సుడో డేట్ డ్యాష్ ఎస్" తర్వాత కోట్స్‌లో తేదీ, టైము ఇవ్వండి. సెల్లు మార్చుకోవడం పెద్ద ఖర్చేమీ కాదు, వాచీలు రిపేరు చేసే బడ్డీలో కూడా దొరుకుతుంది, పైన 3 వోల్టులు, 2032 అని ఉండాలి, 2025 అని ఉన్నది పలచగా ఉంటుంది, హోల్డర్‌లో సరిగ్గా ఆనదు.

ఈ రెండూ బాగుంటే లాక్ సంగతి. లాక్ ఫైలు డిలీట్ చెయ్యమని ఇంటర్నెట్ నిండా ఉంది, పదేళ్లుగా ఒకళ్లను చూసి ఒకళ్లు రాస్తూనే ఉన్నారు. ఫైలు ఉండటమే లాక్ కాదండీ. ఆ ఫైలు ఎప్పుడూ అక్కడే ఉంటుంది, బాగా పనిచేసే సిస్టమ్‌లో కూడా ఉంటుంది. దాన్ని పట్టుకుని కూర్చున్న ప్రోగ్రామ్ ఉన్నంతసేపే లాక్, ఆ ప్రోగ్రామ్ చచ్చిపోతే కెర్నెలే లాక్ వదిలేస్తుంది. మీకు కరెంటు పోయి సిస్టమ్ మొత్తం ఆగిపోయింది కదా, ఇక లాక్ ఎక్కడిది? అంటే మీరు డిలీట్ చేసినందువల్ల ఉపయోగమూ లేదు, మీ అదృష్టం కొద్దీ నష్టమూ లేదు, మళ్లీ దానంతటదే పుడుతుంది. కానీ నిజంగా ఒక ప్రోగ్రామ్ నడుస్తుండగా ఆ ఫైలు తీసేసి రెండోది మొదలుపెడితే ఇద్దరూ ఒకేసారి స్టేటస్ ఫైలులో రాస్తారు, అప్పుడు చూడాలి తమాషా. సిస్టమ్ ఆన్ చేసిన కాసేపటికే లాక్ అంటోందంటే ఎక్కువసార్లు అది అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్, తనంతట తానే సెక్యూరిటీ అప్‌డేట్లు పెట్టుకునే ప్రోగ్రామ్. 2 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్ ఉన్న మిషన్లో దానికి చాలాసేపు పడుతుంది. "సుడో ఎల్‌సాఫ్" అని కొట్టి పక్కన లాక్-ఫ్రంట్‌ఎండ్ ఫైలు పూర్తి దారి ఇస్తే ఎవరు పట్టుకున్నారో పేరు చెబుతుంది. దాన్ని కదిలించకుండా టీ తాగి రండి.

ఇప్పుడు "సుడో డీపీకేజీ డబుల్ డ్యాష్ కాన్ఫిగర్ డ్యాష్ ఏ". విప్పి సగంలో వదిలేసిన వాటన్నిటినీ సెట్ చెయ్యమని దీనర్థం. కరెంటు పోయిన కేసుల్లో చాలావరకు ఈ ఒక్క కమాండ్‌తోనే పని అయిపోతుంది. అవ్వకపోతే మళ్లీ పైన చెప్పిందే, మొదటి ఎర్రర్ చూడండి, అది ఈ మూడింట్లో ఒకటి అయి ఉంటుంది.

"ఫైల్స్ లిస్ట్ ఫైల్ ఫర్ ప్యాకేజ్ ఫలానా ఈజ్ మిస్సింగ్ ఫైనల్ న్యూలైన్" అని వస్తే, కరెంటు పోయినప్పుడు ఆ ప్యాకేజీ జాబితా ఫైలు ఖాళీగానో చెత్తతోనో మిగిలిపోయింది. డీపీకేజీ ఫోల్డర్‌లో ఇన్ఫో అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది, అందులో ఆ ప్యాకేజీ పేరు, డాట్ లిస్ట్ అని ఉన్న ఫైలుని హోమ్ ఫోల్డర్‌లోకి మూవ్ చేసి (డిలీట్ కాదు, మూవ్), "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ డబుల్ డ్యాష్ రీఇన్‌స్టాల్" తర్వాత ఆ ప్యాకేజీ పేరు ఇవ్వండి. జాబితా ఫైలు లేదని ఒక వార్నింగ్ ఇస్తుంది, ఇవ్వనీయండి, రీఇన్‌స్టాల్ అయ్యాక కొత్తది తయారవుతుంది.

"డిపెండెన్సీ ప్రాబ్లమ్స్, లీవింగ్ అన్‌కాన్ఫిగర్డ్" అని వస్తే దానికి కావాల్సిన ఇంకో ప్యాకేజీ లేదు. మీ ప్రింటర్ కేసు ఇదే అయి ఉంటుందని నా అనుమానం, దీనికి కింద వస్తాను.

"పోస్ట్-ఇన్‌స్టలేషన్ స్క్రిప్ట్ రిటర్న్‌డ్ ఎర్రర్" అంటే ఫైళ్లన్నీ వచ్చాయి, చివర్లో నడవాల్సిన స్క్రిప్ట్ మాత్రం ఫెయిల్ అయింది. ప్రింటర్ డ్రైవర్లలో అది సాధారణంగా కప్స్ అనే ప్రింటింగ్ సర్వీసుని రీస్టార్ట్ చెయ్యబోయి ఆగుతుంది. "సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కప్స్" చూడండి, కప్స్ ఎందుకు లేవట్లేదో తెలిస్తే ప్యాకేజీ దానంతటదే కుదురుకుంటుంది. అప్పటికీ తెలియకపోతే ఇన్ఫో ఫోల్డర్‌లో ఆ ప్యాకేజీ పేరుతో డాట్ పోస్ట్‌ఇన్‌స్ట్ అన్న ఫైలు ఉంటుంది, అది మామూలు షెల్ స్క్రిప్టే. రెండో లైనులో "సెట్ డ్యాష్ ఎక్స్" అని చేర్చి మళ్లీ కాన్ఫిగర్ కొడితే ఒక్కొక్క లైను స్క్రీన్ మీద చూపిస్తూ నడుస్తుంది, ఎక్కడ ఆగిందో కళ్లముందే కనపడుతుంది. స్క్రిప్టులు బొత్తిగా తెలియకపోతే ఈ పని వద్దు.

వీటికి విడిగా ఒక మాట. ఎక్కడైనా "ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్" అన్న మాట కనపడితే అన్నీ ఆపేయండి, అది ప్యాకేజీ గొడవ కాదు, హార్డ్‌డిస్క్ పోతోంది. డిస్క్స్ అనే అప్లికేషన్ ఉబుంటులో మామూలుగానే ఉంటుంది, దాని మెనూలో స్మార్ట్ డేటా అని ఉంటుంది, అందులో రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అన్నచోట అంకె సున్నా కాకుండా ఉండి, రెండు రోజులకు ఇంకా పెరుగుతుంటే కస్టమర్ల ఫైళ్లు ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. రిపేరు తర్వాత.

కాన్ఫిగర్ అయ్యాక "సుడో ఆప్ట్ డబుల్ డ్యాష్ ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్". ఏ డిపెండెన్సీ లేదో తనే చూసుకుని తెచ్చి పెడుతుంది, లేదా కుదరనిదాన్ని తీసేస్తుంది. ఈ "తీసేస్తుంది" అన్నదగ్గరే జాగ్రత్త. ఎంటర్ కొట్టాక వెంటనే పని చెయ్యదు, "ద ఫాలోయింగ్ ప్యాకేజెస్ విల్ బీ రిమూవ్డ్" అని ఒక జాబితా చూపించి వై ఆర్ ఎన్ అని అడుగుతుంది. ఆ జాబితా చదవండి. అందులో మీరు పెట్టబోయిన కెనాన్ ప్యాకేజీ ఒక్కటే ఉంటే వై కొట్టండి, హాయిగా పోతుంది. ఉబుంటు-డెస్క్‌టాప్, గ్నోమ్-షెల్, నెట్‌వర్క్-మేనేజర్, సిస్టమ్‌డీ లాంటివి కనపడితే ఎన్ కొట్టి ఆగండి. చదవకుండా వై కొట్టి, రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్ వస్తోందని ఇక్కడ విజయవాడ గవర్నర్‌పేటలో నా దగ్గరికి సిస్టమ్‌లు మోసుకొస్తుంటారు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ప్రింటర్ కోసం మొదలుపెట్టి డెస్క్‌టాప్ పోగొట్టుకుంటారు. అందుకే కమాండ్ చివర "డ్యాష్ వై" అని పెట్టి ఉన్న సలహా ఎవరిచ్చినా ఆ రెండూ తీసేసి కొట్టండి. ఒకవేళ ఇప్పటికే అలా పోయి ఉంటే ఆప్ట్ లాగ్ ఫోల్డర్‌లో హిస్టరీ డాట్ లాగ్‌లో ఏవేవి తీసేసిందో పేర్లతో సహా ఉంటుంది, అవే మళ్లీ పెట్టుకోవచ్చు.

బయటి కంపెనీ డెబ్ ఒక్కటే మొండికేసి కూర్చుంటే, అంటే ఇన్‌స్టాల్ కాదు, తీయబోతే పోదు, అప్పుడు "సుడో డీపీకేజీ డబుల్ డ్యాష్ రిమూవ్ డబుల్ డ్యాష్ ఫోర్స్-రిమూవ్-రీఇన్‌స్ట్‌రెక్" కొట్టి పక్కన ప్యాకేజీ పేరు ఇవ్వండి. ప్రింటర్ డ్రైవర్ లాంటివాటికి ఇది చెయ్యొచ్చు, సిస్టమ్ మొత్తం ఆధారపడే లిబ్‌సీ6 లాంటి వాటి మీద కలలో కూడా వద్దు. ఫోర్స్-ఆల్ అనేది ఇంకోటుంది, దాని పేరు కూడా ఎత్తకండి.

ఇప్పుడు మీ ప్రింటర్ సంగతి. మన జిల్లాల్లో ఏ జిరాక్స్ షాపుకెళ్లినా ఈ ఎల్‌బీపీ 2900 కనపడుతుంది, చెక్కుచెదరదు, టోనరూ దొరుకుతుంది. లినక్స్‌తోనే పేచీ. ఇది క్యాప్ట్ అనే వాళ్ల సొంత పద్ధతిలో మాట్లాడుతుంది కాబట్టి ఉబుంటులో ముందే ఉండే డ్రైవర్లతో నడవదు, కంపెనీ ఇచ్చే డ్రైవరే పెట్టాలి. అందులో రెండు డెబ్ ఫైళ్లుంటాయి. ఒకదాని పేరులో "కామన్" అని, ఇంకోదాని పేరులో "క్యాప్ట్" అని ఉంటుంది. కామన్ లేకుండా క్యాప్ట్ పెడితే డిపెండెన్సీ దగ్గర ఆగిపోతుంది. మీరు ఒక్క డెబ్ ఫైలు అన్నారు కాబట్టి చాలావరకు జరిగింది ఇదే.

ఇంకో మెలిక ఉంది. ఆ జిప్ ఫైలులో 32-బిట్, 64-బిట్ అని రెండు ఫోల్డర్లుంటాయి. మీదేదో "డీపీకేజీ డబుల్ డ్యాష్ ప్రింట్-ఆర్కిటెక్చర్" కొడితే తెలుస్తుంది, ఏఎండీ64 అంటే 64-బిట్ (ఇంటెల్ ప్రాసెసరయినా అదే పేరు), ఐ386 అంటే 32. మామూలు ఉబుంటు డెస్క్‌టాప్‌కి 17.10 నుంచే 32-బిట్ సీడీ ఇమేజ్ ఆపేశారు, ఉబుంటులోనే తేలిక రకాలైన లుబుంటు, జుబుంటు మాత్రం 18.10 దాకా ఇచ్చాయి, కాబట్టి అవి కాకపోతే, 16.04 నుంచి అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చినది కూడా కాకపోతే మీది 64 అయి ఉండాలి. ఫైలు తేడా అయితే "ప్యాకేజ్ ఆర్కిటెక్చర్ డజ్ నాట్ మ్యాచ్ సిస్టమ్" అని ముఖం మీదే చెప్పేస్తుంది, అది తేలిక. తేలిక కానిది ఏంటంటే, 64-బిట్ ఫోల్డర్‌లోది పెట్టినా దాని లోపల పనిచేసే కొన్ని ప్రోగ్రామ్‌లు 32-బిట్‌వే. ఇన్‌స్టాల్ అంతా శుభంగా అయిపోతుంది, ప్రింట్ కొడితే మాత్రం కాగితం రాదు, ఎర్రర్ కూడా రాదు. అందుకే ముందుగా "సుడో డీపీకేజీ డబుల్ డ్యాష్ యాడ్-ఆర్కిటెక్చర్ ఐ386", తర్వాత "సుడో ఆప్ట్ అప్‌డేట్", ఆ తర్వాత లిబ్‌సీ6, లిబ్‌ఎస్‌టీడీసీ++6, లిబ్‌పాప్ట్0, జెడ్‌లిబ్1జీ, లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2, ఈ ఐదింటికీ పేరు చివర కోలన్ పెట్టి ఐ386 చేర్చి ఇన్‌స్టాల్ చెయ్యండి.

డెబ్ ఫైళ్లు పెట్టేటప్పుడు డబుల్ క్లిక్ కానీ డీపీకేజీ డ్యాష్ ఐ కానీ వాడకండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్" అని, పక్కన డాట్ స్లాష్ పెట్టి కామన్ ఫైలు పేరు, మళ్లీ డాట్ స్లాష్ పెట్టి క్యాప్ట్ ఫైలు పేరు, రెండూ ఒకే లైన్లో ఇవ్వండి. ఆ డాట్ స్లాష్ లేకపోతే ఆప్ట్ దాన్ని ఫైలు అనుకోదు, రిపోలో (ఉబుంటు సర్వర్‌లోని ప్యాకేజీల నిల్వ) ఉన్న ప్యాకేజీ పేరనుకుని వెతికి లేదంటుంది. ఇలా ఇస్తే కావాల్సిన డిపెండెన్సీలన్నీ తనే తెస్తుంది, తేలేకపోతే ముందే చెప్పి ఆగిపోతుంది, సగంలో వదిలేయదు.

అప్‌డేట్ కొట్టినప్పుడు 404లు వస్తున్నాయేమో కూడా చూసుకోండి. 18.04 మామూలు సపోర్టు 2023 మే నెలాఖరుతో అయిపోయింది, అయినా ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్టు ఉండే వెర్షన్) కాబట్టి దాని ప్యాకేజీలు మెయిన్ సర్వర్‌లోనే ఉన్నాయి. కాబట్టి 404 వస్తే చాలావరకు ఎప్పుడో కలిపిన పీపీఏలవి (బయటివాళ్లు పెట్టే ప్యాకేజీల నిల్వలు). వాటిని "సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్"లో అదర్ సాఫ్ట్‌వేర్ ట్యాబ్‌లోకి వెళ్లి టిక్ తీసేస్తే సరి. 19.10, 20.10 లాంటి తొమ్మిది నెలల వెర్షన్లు వాడేవాళ్లకి మాత్రం కథ వేరు, అవి ఓల్డ్-రిలీజెస్ సర్వర్‌కి వెళ్లిపోయాయి, సోర్సెస్ డాట్ లిస్ట్‌లో అడ్రసు మార్చుకోవాలి. "హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్" అంటే ఎక్కువగా నెట్ మధ్యలో తెగడం, ఫోన్ హాట్‌స్పాట్ మీద తరచూ వస్తుంది, వార్, లిబ్, ఆప్ట్, లిస్ట్స్ ఫోల్డర్ లోపల ఉన్నవి తీసేసి మళ్లీ అప్‌డేట్ కొట్టండి, అవి మళ్లీ డౌన్‌లోడ్ అయ్యేవే కాబట్టి భయం లేదు.

ఒక పని మాత్రం ఎవరు చెప్పినా చెయ్యకండి, ఏదో లైబ్రరీ కొత్త వెర్షన్ కావాలంది కదా అని 22.04 రిపో లైను తెచ్చి మీ 18.04లో అతికించడం. ఒక్క చిన్న లైబ్రరీ కోసం లిబ్‌సీ6 మారుతుంది, దాని వెంట సగం సిస్టమ్ మారుతుంది, మిగతా సగం మారదు. డెబియన్ వాళ్లు ఇలాంటి సిస్టమ్‌కి ఫ్రాంకెన్‌డెబియన్ అని పేరే పెట్టారు. దాన్ని రిపేరు చెయ్యడం కంటే కొత్తగా ఇన్‌స్టాల్ చెయ్యడం తక్కువ పని.

కరెంటు విషయం కూడా చెప్పాలి. మే నెలలో మధ్యాహ్నం గాలిదుమారం లేస్తే కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మీకు నేను చెప్పాలా. షాపులో ఇన్వర్టర్ ఉంది అయినా సిస్టమ్ ఆఫ్ అయింది అన్నారు. ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది, చాలావాటికి యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని రెండు. నార్మల్‌లో ఉంటే కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ క్షణంలో ఫ్యాన్లకీ లైట్లకీ తెలియదు కానీ కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. దాన్ని యూపీఎస్ మోడ్‌లోకి మార్చండి. పాత ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై) అయితే అప్పటికీ తట్టుకోకపోవచ్చు, అలాంటప్పుడు కంప్యూటర్‌కి విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకోవడమే. అప్‌డేట్లు పొద్దున్న షాపు తెరవగానే, గిరాకీ మొదలవ్వకముందు కొట్టుకోండి.

ఇదంతా అయ్యాక, ఉబుంటు ప్రో సంగతి చూడండి. సొంత వాడకానికి ఐదు మిషన్ల వరకు ఉచితం, దాంతో 18.04కి 2028 ఏప్రిల్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ప్రింటర్ పనిచేస్తున్న సిస్టమ్‌ని కదపకుండా ఉంచుకోవడానికి ఇదే మంచి దారి అని నా అభిప్రాయం. కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తానంటే కోర్ టూ డ్యుయో 64-బిట్ ప్రాసెసరే, ర్యామ్ 4 జీబీ చేసి, చిన్న ఎస్‌ఎస్‌డీ వేసి, డెబియన్ 12 ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టుకోవచ్చు. కానీ అప్పుడు ఈ క్యాప్ట్ డ్రైవర్ గొడవ మళ్లీ మొదటి నుంచి పడాలి, కొత్త వెర్షన్లలో ఇంకాస్త ఎక్కువే పడాలి. షాపులో రోజూ హాల్‌టికెట్లు, ఆధార్ ప్రింట్లు తీసే మిషను కాబట్టి పరీక్షల సీజన్ అయ్యేదాకా ఆ ఆలోచన పెట్టుకోకండి.

ఇవన్నీ చేసినా ఆగిపోతే టర్మ్ డాట్ లాగ్‌లో మొదటి "ఎర్రర్ ప్రాసెసింగ్" లైనూ, దానికి పైన ఒక పది లైన్లూ, డీఎఫ్ డ్యాష్ హెచ్ ఇచ్చిన జవాబూ కాపీ చేసి పెట్టండి. ఫొటో వద్దు, అక్షరాలు కావాలి.